ప్రో-వన్‌తో తంబూరా నాదం: ఫిల్టర్ జోలికి పోకుండా ఆసిలేటర్ హార్మోనిక్స్‌ని కదిలించడం ఎలా?

#1 గోదారి_కీస్ | రాజమండ్రి

అందరికీ నమస్కారం. చికాగోలో ఉండే మా చిన్నాన్న ఇల్లు మారుతూ తన పాత సింథసైజర్ నాకు పంపాడు. సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వాళ్ల ప్రో-వన్, 1981లో వచ్చిన మోడల్. శబ్దం పుట్టించే ఆసిలేటర్లు రెండు, దాన్ని వడకట్టే ఫిల్టర్ ఒకటి, 37 మెట్లు, ఒకసారికి ఒకే స్వరం. నాబ్‌లు తిప్పితే కాస్త గరగరమంటోంది గానీ బాగానే పని చేస్తోంది.

దీంతో లీడ్‌లూ బేస్‌లూ వాయించే ఉద్దేశం లేదు. మా చెల్లెలు గాత్రం నేర్చుకుంటోంది, ఐదున్నర శృతి, అంటే జి షార్ప్ మీద సా. దాని సాధనకి తంబూరాలాంటి నాదం ఒకటి తయారు చేసిద్దామని నా ఆశ. ఇందులో డ్రోన్ స్విచ్ ఉంది, వేస్తే కీ వదిలేసినా స్వరం ఆగదు. సా నిలబడుతోంది సరే, ప్రాణం లేదు. లిఫ్ట్ తలుపు వేయకపోతే మోగే బజర్‌లా మోగుతూనే ఉంటుంది. తంబూరాలో ఒక్క సా లోపలే ఏదో తిరుగుతూ ఉంటుంది కదా, అది కావాలి.

ఫిల్టర్ కటాఫ్‌కి (ఎక్కడి నుంచి కోయాలో ఆ హద్దు) ఎల్‌ఎఫ్‌ఓ (సెట్టింగ్‌ని నెమ్మదిగా ఊపే ఆసిలేటర్) ఇచ్చి చూశాను. వావ్ వావ్ అంటోంది, అంతే. ఫిల్టర్‌ని వదిలేసి ఆసిలేటర్‌లోనే హార్మోనిక్స్‌ని (ఒక స్వరంలోనే కలిసి మోగే రెండు రెట్లు, మూడు రెట్ల పై స్వరాలని) కదిలించే దారి ఉందా?

#2 మిక్సింగ్_మస్తాన్ | చెన్నై

తమ్ముడూ, ఎందుకంత కష్టం? రెజొనెన్స్ కొంచెం పెంచు, ఎల్‌ఎఫ్‌ఓ స్పీడు బాగా తగ్గించు, రెండు ఆసిలేటర్లనీ వెంట్రుకవాసి డీట్యూన్ చేయి (ఒకదాని శృతి కొంచెం తప్పించు), పైన రివర్బ్ వేసెయ్. సెషన్‌లో అయితే ఇది చిటికెలో అయ్యే పని. ఆసిలేటరా ఫిల్టరా అన్నది వినేవాడికి పట్టదు.

#3 వోల్టేజ్_బాబాయ్ | హైదరాబాద్

మస్తాన్ గారూ, పట్టబట్టే కదా ఆ అబ్బాయి అడుగుతున్నాడు!

ఫిల్టర్ చేసే పని తీసెయ్యడమే. రంపం పళ్ల ఆకారంలో ఉండే రంపం వేవ్‌లో అన్ని హార్మోనిక్స్ ఉంటాయి: రెండోది సగం బలంతో, మూడోది మూడో వంతుతో, అలా తగ్గుతూ పోతాయి. లో-పాస్ ఫిల్టర్ పైనుంచి కోసుకుంటూ వస్తుంది. కటాఫ్ కిందికి దిగితే పైవన్నీ కలిసికట్టుగా పోతాయి, పైకెక్కితే కలిసికట్టుగా తిరిగొస్తాయి. అందుకే వావ్ అనిపిస్తుంది. రెజొనెన్స్ పెంచితే ఒక చోట గుబ్బ లేస్తుంది, అది కూడా ఒకటే. ఐదో హార్మోనిక్ పెరుగుతున్నప్పుడు ఆరోది తగ్గి ఏడోది మళ్లీ పెరగడం ఫిల్టర్ వల్ల కాదు.

ఆసిలేటర్‌లో అయితే అవుతుంది. ప్రో-వన్‌లో దానికి మూడు దార్లున్నాయి: పల్స్ వెడల్పు మార్చడం, సింక్, ఒక ఆసిలేటర్‌తో ఇంకో ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీని ఊపడం. ముందు పల్స్ వెడల్పుతో మొదలుపెట్టు, అది అన్నిటికంటే మర్యాదస్తురాలు.

పల్స్ వేవ్‌కి పైనా కిందా రెండే స్థాయిలు, పైన ఉండే వంతే దాని వెడల్పు. అది సరిగ్గా సగం సగం, అంటే 50 శాతం ఉన్నప్పుడు 2, 4, 6 లాంటి సరి హార్మోనిక్స్ అస్సలుండవు. వెడల్పు మూడో వంతు చేస్తే 3, 6, 9 మాయమవుతాయి. పావు వంతు చేస్తే 4, 8, 12 పోతాయి. మధ్యలో ఎక్కడో ఆపితే కొన్ని బలంగా, కొన్ని నీరసంగా ఉంటాయి. వెడల్పుని మెల్లగా 25 నుంచి 75 శాతానికి జరిపితే రెండో హార్మోనిక్ మధ్యలో ఒక్కసారి మునిగి లేస్తుంది. పదోది అదే ప్రయాణంలో ఐదు సార్లు మునిగి లేస్తుంది. ఎంత పై హార్మోనిక్ అయితే అంత తొందర. నువ్వు "తిరుగుతోంది" అన్నది ఇదే.

సెట్టింగ్: ఆసిలేటర్ ఏ లో పల్స్ ఒక్కటే ఆన్, వెడల్పు నాబ్ నడిమధ్య. మాడ్యులేషన్ విభాగంలో ఎల్‌ఎఫ్‌ఓ స్విచ్ డైరెక్ట్ వైపు, గమ్యాల్లో ఆసిలేటర్ ఏ పల్స్ వెడల్పు కూడా డైరెక్ట్ వైపు. ఎల్‌ఎఫ్‌ఓ త్రిభుజం వేవ్, బాగా నెమ్మదిగా. ఫిల్టర్ పూర్తిగా తెరిచేసి విను.

#4 కొత్త_కుర్రాడు | గుంటూరు

నా దగ్గర సింథ్ లేదు, బీటెక్ హాస్టల్లో లాప్‌టాప్ ఒక్కటే. బాబాయ్ గారు చెప్పింది సర్జ్ ఎక్స్‌టీ అనే సాఫ్ట్‌వేర్ సింథ్‌లో చేశాను, ఉచితంగా దొరికింది. ఒక డౌటు. నేను పెట్టింది ఒక్క ఆసిలేటరే. కానీ ఇద్దరు కలిసి వాయించినట్టు వినిపిస్తోంది. కోరస్ ఎఫెక్ట్ ఆఫ్‌లోనే ఉంది. ఇదెలా?

#5 నాని_ఎన్‌జే | న్యూజెర్సీ

మంచి డౌటు బ్రో. నిజంగానే ఇద్దరున్నారు.

ఒక రంపం వేవ్ తీసుకో. దాని కాపీ ఒకటి కొంచెం ఆలస్యంగా వదులు. మొదటి దాన్లోంచి రెండోది తీసెయ్. రెండు వాలులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని మిగిలేది పల్స్! ఆలస్యం ఎంతో పల్స్ వెడల్పు అంత. ఇప్పుడు వెడల్పు మారుతోందంటే ఆ ఆలస్యం మారుతోందన్నమాట. ఆలస్యం పెరుగుతున్నంతసేపూ రెండో రంపం కొంచెం కింద శృతిలో ఉన్నట్టు, తగ్గుతున్నంతసేపూ కొంచెం పైన ఉన్నట్టు. డీట్యూన్ చేసిన రెండు రంపాలు నీకు ఒక ఆసిలేటర్ ఖర్చుతో వచ్చేశాయి. రోలాండ్ జూనో-106లో ఒక్కో స్వరానికి ఉన్నది ఒక్క ఆసిలేటరే అయినా అంత నిండుగా పలకడానికి కోరస్ ఒక కారణమైతే, ఇది ఇంకో కారణం.

లెక్క కూడా సులువే. ఎల్‌ఎఫ్‌ఓ 0.5 హెర్ట్జ్, త్రిభుజం, వెడల్పు 25 నుంచి 75కి వెళ్తోంది అనుకో. ఒక సెకనులో రెండో రంపం సగం సైకిల్ జరిగింది. అంటే తేడా 0.5 హెర్ట్జ్. మీటిన స్వరం ఏదైనా సరే అంతే. 523 హెర్ట్జ్ పై సి దగ్గర అది రెండు సెంట్లు (సెంటు అంటే కీబోర్డ్ మీద పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు) కూడా ఉండదు. 65 హెర్ట్జ్ కింది సి దగ్గర 13 సెంట్లు. అందుకే పల్స్ వెడల్పు మాడ్యులేషన్ బేస్‌లో తొణికినట్టుంటుంది, పైన మాత్రం గాజులా నిలకడగా ఉంటుంది. కింది స్వరాలకి ఎల్‌ఎఫ్‌ఓ లోతు తగ్గించుకోవాలి.

#6 గోదారి_కీస్

బాబాయ్ గారూ, నాని అన్నా, పెద్ద తేడా వచ్చింది! బజర్ పోయింది, నాదం కదులుతోంది. ఒక సమస్య: లోతు పెంచితే ఎల్‌ఎఫ్‌ఓ ఒక్కో రౌండ్‌కి సౌండ్ కాసేపు పూర్తిగా పోతోంది. టక్కున పోయి టక్కున వస్తోంది. చిప్ పాడైందా? టెన్షన్‌గా ఉంది, ఇక్కడ దీన్ని విప్పేవాళ్లు లేరు.

#7 వోల్టేజ్_బాబాయ్

చిప్‌కి ఏమీ కాలేదు, నిశ్చింతగా పడుకో. ప్రో-వన్‌లో ఉన్నవి కర్టిస్ సీఈఎం3340 ఆసిలేటర్ చిప్‌లు. రంపం వేవ్‌ని ఒక కంట్రోల్ వోల్టేజ్‌తో పోల్చి పల్స్ పుట్టిస్తుంది. వోల్టేజ్ 0 నుంచి 5 వోల్టుల మధ్య ఉంటే వెడల్పు 0 నుంచి 100 శాతం. నాబ్ ఇచ్చే వోల్టేజ్, ఎల్‌ఎఫ్‌ఓ ఇచ్చే వోల్టేజ్ కలిసి ఆ హద్దు దాటితే వేవ్ పైనే ఉండిపోతుంది, లేదా కిందే ఉండిపోతుంది. మారని వోల్టేజ్‌కి శబ్దం ఎక్కడిది?

నాబ్‌ని మధ్యలో ఉంచి లోతు తగ్గించు, సరిపోతుంది. మధ్య అన్నది గీత చూసి కాదు, చెవితో పట్టుకో: తిప్పుతుంటే ఒక చోట సౌండ్ బోలుగా, క్లారినెట్‌లా అయిపోతుంది. సరి హార్మోనిక్స్ పోయిన చోటు అదే, అంటే సరిగ్గా 50. వయసు మీద పడిన యంత్రంలో గీతలు అబద్ధం చెబుతాయి. గరగరకి కాంటాక్ట్ క్లీనర్ చాలు, ప్లగ్గు పీకేశాకే కొట్టు.

#8 మోడరేటర్

ప్లగ్గు మాట వచ్చింది కాబట్టి: అమెరికా నుంచి వచ్చిన యంత్రాన్ని మన 230 వోల్టుల సాకెట్‌లో నేరుగా పెట్టకండి. వెనక లేబుల్ చూడండి, 110-120 అని ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

#9 గోదారి_కీస్

ట్రాన్స్‌ఫార్మర్ ఉందండీ, చిన్నాన్న ముందే హెచ్చరించాడు. రికార్డింగ్ పెట్టాను, వినండి. జి షార్ప్ మీద సా, కింద మంద్రం, పల్స్ వెడల్పు మాడ్యులేషన్ మాత్రమే.

#10 విశాలాక్షి_వీణ | విజయనగరం

బాబూ, విన్నాను. చెవికి ఇంపుగా ఉంది, కాదనను. కానీ ఇది తంబూరా కాదు. పది వయొలిన్లు కలిసి సా పట్టినట్టుంది. సాధనకి పనికొస్తుందేమో, తంబూరా అని మాత్రం పేరు పెట్టకండి.

తంబూరాలో ఏం జరుగుతుందో చెబుతాను, మీ యంత్రంలో వీలవుతుందేమో మీరే చూసుకోండి. తీగ వంతెన మీద ఒక మొన మీద ఆనదు. వంతెన పైభాగం వెడల్పుగా, కొంచెం వంపుగా ఉంటుంది. తీగకీ వంతెనకీ మధ్య సన్నని దారం పోగు పెడతాం. దాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ వింటే ఒక చోట తీగ ఒక్కసారిగా తెరుచుకుంటుంది. దారం పోగు మందం అంత తేడాతో నాదం తెరుచుకోవడమూ మూసుకుపోవడమూ ఉంటుంది. సరిగ్గా కుదిరిన చోట మంద్రం తీగ మీటితే మొదట అంతా కలిసి వినిపించి, ఆ తర్వాత పై స్వరాలు ఒక్కొక్కటే పైకి తేలతాయి. అందులో అంతర గాంధారం స్పష్టంగా వినబడాలి. ఎవరూ మీటని గాంధారం అది, స్వయంభూ గాంధారం. అది వినబడకపోతే మా గురువుగారు శృతి చేయడం అయిందని ఒప్పుకునేవారు కాదు.

మీ రికార్డింగ్‌లో అన్నీ ఎడాపెడా తిరుగుతున్నాయి. ఒక వరస లేదు. తంబూరాలో మీటు ఉంది, మీటిన దగ్గర్నుంచి ఒక ప్రయాణం ఉంది. మీ దాంట్లో మీటే లేదు.

ఇంకో సంగతి. సి.వి. రామన్ గారు 1921లో మన తంత్రీవాద్యాల మీద ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. మామూలు తీగని ఏ బిందువు దగ్గర మీటితే, ఆ బిందువు దగ్గర కదలిక లేని హార్మోనిక్స్ వినబడకూడదు, అది పాత సూత్రం. తంబూరా, వీణలు ఆ సూత్రాన్ని పాటించవని ఆయన చూపించారు. రావనుకున్నవి కూడా బలంగా వస్తాయి. కారణం ఆ వంతెనే.

#11 వోల్టేజ్_బాబాయ్

విశాలాక్షి గారూ, చేతులెత్తి నమస్కారం. మీరన్న పాత సూత్రం, నేను #3లో చెప్పిన పల్స్ లెక్క దాదాపు ఒకటే!

తీగని పావు వంతు దగ్గర మీటితే 4, 8, 12 హార్మోనిక్స్ రావు. పల్స్‌ని పావు వంతు వెడల్పు చేస్తే కూడా 4, 8, 12 రావు. మధ్యలో మీటితే సరివి రావు, 50 శాతం పల్స్‌లోనూ అంతే. తేడా ఒక్కటే, మీటిన తీగలో పై హార్మోనిక్స్ ఇంకా వేగంగా బలహీనపడతాయి. కాబట్టి పల్స్ వెడల్పు మాడ్యులేషన్ అంటే మీటే వేలిని తీగ పొడవునా అటూ ఇటూ జరపడం లాంటిది. మరి తంబూరా ప్రత్యేకతే మీటే చోటుతో పని లేకుండా పై హార్మోనిక్స్‌ని పుట్టించడం అయినప్పుడు, మనం వేలిని ఎంత జరిపినా ఏం లాభం?

అబ్బాయ్, ఈ దారి ఇక్కడితో ఆపు. సింక్ వైపు వెళ్దాం. నానీ, నువ్వు ప్రాఫెట్-5 వాయిస్తావు కదా, అందుకో.

#12 నాని_ఎన్‌జే

అందుకున్నాను. ప్రాఫెట్-5 1978ది, ప్రో-వన్ దాని తమ్ముడు. రెండిట్లోనూ సింక్ ఒకటే పద్ధతి: ఆసిలేటర్ బి యజమాని, ఏ నౌకరు. బి ఒక సైకిల్ పూర్తి చేసిన ప్రతిసారీ ఏ ఎక్కడున్నా సరే వెనక్కి లాగి మొదటి నుంచి మొదలుపెట్టిస్తుంది. దాంతో ఆసిలేటర్ ఏ ఫ్రీక్వెన్సీ ఎంత పెట్టినా వినబడే శృతి బి దే. మరి ఆసిలేటర్ ఏ నాబ్ తిప్పితే ఏం మారుతుంది? ఏ హార్మోనిక్స్ దగ్గర బలం పోగవ్వాలో అది మారుతుంది.

గోదారీ, ఇది చేయి:

ఆసిలేటర్ బి ని అట్టడుగు ఆక్టేవ్‌లో పెట్టి, త్రిభుజం ఆన్ చేయి. ఏ ని దానికి రెండు ఆక్టేవ్‌ల పైన పెట్టి, రంపం ఒక్కటే ఉంచు. సింక్ ఆన్. మిక్సర్‌లో ముందు ఏ ఒక్కటే విను. ఆసిలేటర్ ఏ ఫ్రీక్వెన్సీ నాబ్‌ని నెమ్మదిగా పైకి తిప్పు. ఏ సరిగ్గా బి కి నాలుగు రెట్లున్నప్పుడు రెండు ఆక్టేవ్‌ల పై సా వినబడుతుంది. ఐదు రెట్లకి చేరేసరికి గాంధారం, ఆరు రెట్లకి పంచమం, ఏడు దగ్గర నిషాదం లాంటిది, మన కీబోర్డ్ నిషాదం కన్నా కొంచెం కిందది. పూర్ణ సంఖ్య దగ్గరికొచ్చినప్పుడల్లా సౌండ్ శుభ్రపడుతుంది, మధ్యలో చీరుకుపోయినట్టు ఉంటుంది. సరిగ్గా ఐదు రెట్ల దగ్గర ఏ లో ఐదు, పది, పదిహేను హార్మోనిక్స్ మాత్రమే మిగులుతాయి, అసలు సా ఉండదు. అందుకే మిక్సర్‌లో బి ని కూడా కలపాలి, సా ని అది మోస్తుంది.

ఇక మీటు. ఫిల్టర్ ఎన్వలప్‌ని, అంటే కీ నొక్కగానే లేచి దిగే వోల్టేజ్‌ని, ఆసిలేటర్ ఏ ఫ్రీక్వెన్సీకి పంపు. అటాక్ (లేచే సమయం) సున్నా, డికే (దిగే సమయం) పొడుగ్గా, సస్టెయిన్ (దిగి నిలిచే ఎత్తు) తక్కువ. కీ నొక్కగానే ఏ ఏడు రెట్ల దాకా ఎగిరి మెల్లగా నాలుగు దాకా జారాలి. జారుతూ దారిలో పంచమం, గాంధారం తాకుతుంది. విశాలాక్షి మేడమ్ చెప్పిన వరస అంటే ఇదేనా?

ఏ, బి రెండూ కీబోర్డ్‌ని అనుసరిస్తాయి కాబట్టి ఏ కీ నొక్కినా నిష్పత్తి మారదు. చెల్లెలు శృతి మార్చినా మళ్లీ సెట్ చేయనక్కర్లేదు.

#13 కొత్త_కుర్రాడు

ఐదున్నర శృతికి లెక్క వేశాను. మంద్ర సా 103.8 హెర్ట్జ్. ఐదు రెట్లు 519. కీబోర్డ్ మీద గాంధారం 523. నాలుగు హెర్ట్జ్ తేడా! ఈ డ్రోన్ మోగుతుండగా హార్మోనియం మీద గాంధారం నొక్కితే సెకనుకి నాలుగు సార్లు కొట్టుకుంటుంది కదా?

#14 విశాలాక్షి_వీణ

కొట్టుకుంటుంది బాబూ. అందుకే తంబూరాతో సాధన చేయమంటాం. పాడేవాళ్ల చెవి ఆ 519 వైపుకే వెళ్లాలి.

#15 మిక్సింగ్_మస్తాన్

సరే, నాకూ ఆసక్తి పుట్టింది, స్టూడియోలో బెరింజర్ ప్రో-1 ఉంటే దాని మీద నాని చెప్పింది చేశాను. పాత దానికి నకలు కాబట్టి స్విచ్‌లన్నీ ఒకటే. ఒప్పుకోవాల్సిందే, రెజొనెన్స్‌తో ఇది రాదు.

కానీ ఒక అభ్యంతరం. తంబూరాకి నాలుగు తీగలు. ఒకటి మోగుతుండగానే ఇంకోటి మీటుతారు. నాలుగూ ఒకదాని మీద ఒకటి పరుచుకుంటేనే అది తంబూరా. ప్రో-వన్ ఒంటి గొంతు యంత్రం, రెండో కీ నొక్కగానే మొదటిది చచ్చిపోతుంది. దీనికేం చేస్తారు?

#16 నాని_ఎన్‌జే

మస్తాన్ భాయ్, పాయింటే. ప్రో-వన్ సీక్వెన్సర్‌లో నాలుగు స్వరాలు ఎక్కించొచ్చు: పంచమం, సారణి, అనుసారణి (ఈ రెండూ సా), మంద్రం. ఎల్‌ఎఫ్‌ఓ వేగమే దాని నడక. కానీ పరుచుకోవడం రాదు. మంద్రం ఒక్కదాన్నీ ముందు రికార్డ్ చేసి, పంచమం వేరే ట్రాక్, సారణి వేరే ట్రాక్ చేసి కలపడమే. లేదా ప్రాఫెట్-5 కొనాలి, ఆ ధరకి ఊళ్లో స్థలం వస్తుంది.

#17 గోదారి_కీస్

రాత్రంతా దీనితోనే కూర్చున్నాను. నాలుగు ట్రాకులు చేశాను. గాంధారం పలికింది! చెల్లెలు గదిలోకి వచ్చి "ఎవరు పాడుతున్నారు?" అంది.

ఒక్క తిప్పలు. ఎన్వలప్ దిగుతున్నప్పుడు మెట్లు దిగినట్టు ఆగి ఆగి దిగుతోంది అనిపిస్తోంది, పూర్ణ సంఖ్యల దగ్గర శుభ్రంగా, మధ్యలో గీసుకుపోయినట్టు. తంబూరా ఇంకా మెత్తగా ఉంటుంది.

#18 వోల్టేజ్_బాబాయ్

దానికి మూడో దారి. కానీ ముందు ఒక హెచ్చరిక.

సింక్ ఆఫ్ చేసి, ఆసిలేటర్ బి ని ఆసిలేటర్ ఏ ఫ్రీక్వెన్సీకి పంపి లోతు పెంచి చూడు. గంట మోగినట్టు, ఇత్తడి బిందె కొట్టినట్టు ఉంటుంది, అదే ఎఫ్ఎం (ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్). బాగుంటుంది గానీ లోతు పెరిగే కొద్దీ శృతి కూడా పైకి పాకిపోతుంది. ఎందుకంటే అనలాగ్ ఆసిలేటర్ కంట్రోల్ వోల్టేజ్‌కి ఎక్స్‌పొనెన్షియల్‌గా స్పందిస్తుంది: ఒక వోల్టు పెరిగితే ఫ్రీక్వెన్సీ రెట్టింపు, ఒక వోల్టు తగ్గితే సగం. 100 హెర్ట్జ్ దగ్గర ఒక వోల్టు పైకి వెళ్తే 100 కలుస్తుంది, కిందికి వెళ్తే 50 మాత్రమే పోతుంది. సగటు పైకే మొగ్గుతుంది. శృతి కోసం కట్టిన డ్రోన్‌కి ఇంతకంటే ద్రోహం లేదు.

యమహా డీఎక్స్7 సింథ్‌కి ఈ జబ్బు లేదు. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనిపెట్టిన పద్ధతిని యమహా లైసెన్స్ తీసుకుని 1983లో డిజిటల్‌గా చేసింది. అక్కడ మారేది ఫేజ్ (సైకిల్‌లో వేవ్ ఉన్న చోటు), కాబట్టి శృతి కదలదు.

మన దగ్గరున్నది అనలాగ్. కాబట్టి సింక్ ఆన్‌లోనే ఉంచి బి ని ఆసిలేటర్ ఏ ఫ్రీక్వెన్సీకి పంపు. ఇప్పుడు ఏ ఎంత పైకి పాకాలని చూసినా బి ప్రతి సైకిల్‌కీ చెవి పట్టుకుని మొదటికి లాగేస్తుంది. ఊపేదీ బి నే, లాగేదీ బి నే, కాబట్టి ప్రతి సైకిల్‌లోనూ ఒకే ఆకారం వస్తుంది. వచ్చే హార్మోనిక్స్ అన్నీ కచ్చితంగా సా కి పూర్ణ గుణిజాలే. లోతు మార్చితే శృతి కదలదు, రంగు కదులుతుంది. బి స్విచ్‌ని వీల్ (మాడ్యులేషన్ చక్రం) వైపు వేసి, ఆసిలేటర్ ఏ ఫ్రీక్వెన్సీ గమ్యాన్ని కూడా వీల్ వైపు వేస్తే లోతు మీ ఎడమ చేతిలో ఉంటుంది. ఎన్వలప్ జారుడు తగ్గించు, మిగతా కదలిక వీల్‌తో ఇవ్వు. బి లో త్రిభుజం మాత్రమే ఉంచు. రంపం వేస్తే ఊపుడులో పదును ఎక్కువై గొంతు బొంగురుపోతుంది.

#19 కొత్త_కుర్రాడు

సింక్ + ఎఫ్ఎం లాప్‌టాప్‌లో కూడా చేశాను. స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో చూస్తే గీతలన్నీ 103.8కి గుణిజాల దగ్గరే కదలకుండా నిలబడి, ఎత్తులు మాత్రం మారుతున్నాయి. సింక్ తీసేస్తే గీతలన్నీ పక్కకి జరుగుతున్నాయి. నాలుగో సంవత్సరం ప్రాజెక్టుకి ఇదే తీసుకుంటాను.

#20 మిక్సింగ్_మస్తాన్

ప్రాజెక్టు అంటే గుర్తొచ్చింది. మన దేశానికి సింథసైజర్ సినిమాల ద్వారా వచ్చిందనుకుంటారు చాలామంది. అహ్మదాబాద్ ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో 1969లోనే మూగ్ మాడ్యులర్ సింథసైజర్ పెట్టారు, అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి ఏర్పాటు చేశాడు. ఆ స్టూడియో టేపులు దశాబ్దాల తర్వాత బయటికొచ్చాయి. కుర్రాడా, నీ ప్రాజెక్టు ముందుమాటలో అది రాయి.

#21 విశాలాక్షి_వీణ

గోదారి బాబూ, కొత్త రికార్డింగ్ విన్నాను. మంద్రంలో గాంధారం తేలుతోంది. ఇప్పుడు తంబూరా పక్కింట్లో మోగుతున్నట్టుంది, ముందు అది కూడా లేదు.

రెండు మాటలు. మీటు మరీ గట్టిగా ఉంది. తంబూరాని మీటరు, వేలి మెత్తన తీగ మీద జార్చి వదిలేస్తారు. ఆ మొదటి టక్కు తగ్గించండి. రెండోది, మీ చెల్లెలు హిందోళం పాడితే ఏం చేస్తారు? అందులో పంచమం లేదు. పంచమం తీగని మధ్యమానికి దించుతాం.

#22 గోదారి_కీస్

టక్కుకి రెండు ఎన్వలప్‌ల అటాక్ కొద్దిగా పెంచాను, మెత్తబడింది. పంచమం వేరే ట్రాక్‌లో ఉంది కాబట్టి ఆ ఒక్కటే డి షార్ప్ బదులు సి షార్ప్ మీద మళ్లీ రికార్డ్ చేస్తే మధ్యమం శృతి వచ్చేసింది.

ఇంకో చిక్కు ఉంది మేడమ్. హిందోళంలోనూ తోడిలోనూ ఉన్నది సాధారణ గాంధారం. నా డ్రోన్ అంతర గాంధారం పలుకుతోంది. పాడేటప్పుడు తగవు రాదా?

#23 విశాలాక్షి_వీణ

అసలు తంబూరా కూడా తోడికి వేరే గాంధారం పలకదు. అది సా లోంచి వచ్చేది, రాగాన్ని అడిగి రాదు. పాడేవాళ్లకి అలవాటే. కానీ మీ దాంట్లో గాంధారం అసలు దానికంటే బలంగా ఉంది, అందుకే తగవులా వినబడుతోంది.

#24 నాని_ఎన్‌జే

అది సులువు. ఆసిలేటర్ ఏ ఫ్రీక్వెన్సీ నాబ్‌ని కొంచెం పైకి పెట్టి, ఎన్వలప్ జారుడు ఐదు రెట్ల దగ్గరికి రాకముందే, ఆరు దాటగానే ఆగేలా సస్టెయిన్ పెంచు. ఐదో హార్మోనిక్ పూర్తిగా పోదు, బి రంపం కొద్దిగా కలిపితే దాన్లోంచి పలచగా వస్తూనే ఉంటుంది. కాకపోతే బి రంపం ఆన్ చేస్తే వీల్‌కి వెళ్లే ఊపుడులోనూ అదే కలుస్తుంది, కాబట్టి వీల్ తగ్గించి ఉంచు. తోడికి ఒక ట్రాక్ సెట్, కల్యాణికి ఒక సెట్ చేసి పెట్టుకో. ప్రో-వన్‌లో మెమరీ లేదు, సెట్టింగ్ కుదిరిన వెంటనే ప్యానెల్‌ని ఫోన్‌లో ఫొటో తీసెయ్.

#25 గోదారి_కీస్

తీశాను. ఫొటోలూ, నాలుగు ట్రాకులూ ఫోల్డర్‌లో పెట్టి లింక్ పైన మొదటి పోస్ట్‌కి జత చేశాను, ఎవరైనా వాడుకోవచ్చు. ఐదున్నర శృతి సెట్ రెడీగా ఉంది. ఒకటో శృతి సెట్ ఆదివారం చేస్తాను, సి మీద మంద్రం మరీ కిందికి పోతుంది కాబట్టి వీల్ లోతు తగ్గించాలేమో, చూసి చెబుతాను.